ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఎంపిక: డిస్కు రకం మొదలు కేబుల్ దాకా సమగ్ర మార్గదర్శి

పెళ్లయిన రెండు మూడు నెలలకు ఫొటో స్టూడియో నుంచి ఫోన్ వస్తుంది: "ఆల్బమ్ రెడీ అయిందండీ, ఒక హార్డ్ డిస్క్ తెచ్చిస్తే డేటా మొత్తం వేసి ఇచ్చేస్తాం." నాకు తెలిసిన చాలా ఇళ్లలో తొలిసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నది ఈ ఫోన్ వచ్చిన తర్వాతే. దుకాణంలో అడిగే ప్రశ్న కూడా ఒక్కటే ఉంటుంది, "ఒక టీబీది ఎంత?" అని. కెపాసిటీ ముఖ్యమే కానీ, డిస్కు ఎన్నేళ్లు నిలుస్తుంది, ఎంత వేగంగా పనిచేస్తుంది, మీ ల్యాప్‌టాప్‌లోనూ ఇంట్లో టీవీలోనూ తెరుచుకుంటుందా లేదా అన్నవి కెపాసిటీ అంకెను బట్టి తెలియవు.

ఈ మార్గదర్శిలో పెళ్లి డేటానే ఉదాహరణగా తీసుకున్నాను, ఎందుకంటే అది మళ్లీ తీయడానికి వీలులేనిది, పరిమాణంలో పెద్దది, ఇంట్లో అందరికీ కావలసినది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క విషయం గుర్తుంచుకోండి. డేటా మీ కంప్యూటర్ నుంచి డిస్కుకు చేరేలోపు నాలుగు చోట్ల గుండా వెళుతుంది: కంప్యూటర్ పోర్టు, కేబుల్, డిస్కు కేసింగ్‌లో ఉండే చిప్, చివరగా డిస్కు. ఈ నాలుగింటిలో ఏది అన్నిటికంటే నెమ్మదిగా ఉంటే మీకు దక్కేది ఆ వేగమే. అందువల్ల డబ్బు పెట్టేముందు వీటిలో ఏది వెనకబడి ఉందో తెలుసుకోవాలి.

మొదటి అడుగు: ఎంత డేటా ఉందో లెక్క వేయండి

ఊహించి కొనకుండా కాగితం మీద లెక్క వేయండి. 4కే వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ) రికార్డు చేస్తే గంటకు దాదాపు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఎనిమిదేసి గంటలు నడిచాయనుకుంటే 720 జీబీ. దానికి తోడు 25 ఎంబీ చొప్పున 4,000 రా ఫొటోలు (కెమెరా తీసింది తీసినట్టు దాచే పెద్ద ఫైళ్లు) ఉంటే మరో 100 జీబీ. మొత్తం 820 జీబీ. ఇందులో స్టూడియో వారు ఎడిట్ చేసి ఇచ్చే వీడియోలు లెక్కలోకి రాలేదు, సంగీత్, రిసెప్షన్ వేరే రోజుల్లో జరిగితే అవీ రాలేదు.

ఇప్పుడు పెట్టె మీద రాసి ఉన్న 1 టీబీ సంగతి చూద్దాం. తయారీదారుల లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1,024తో భాగిస్తూ లెక్కిస్తుంది కాబట్టి అదే డిస్కును 931 జీబీగా చూపిస్తుంది. 2 టీబీ డిస్కు 1.81 టీబీగా, 4 టీబీ డిస్కు 3.63 టీబీగా కనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, ఒకే పరిమాణాన్ని రెండు పద్ధతుల్లో లెక్కిస్తున్నారంతే. అయినా పై ఉదాహరణలోని పెళ్లికి 1 టీబీ డిస్కు చాలావరకు నిండిపోతుంది. ఇప్పుడున్న డేటాకు రెట్టింపు చోటు ఉండేలా కొనడం మంచిదని నా అభిప్రాయం. కాబట్టి ఇక్కడ 2 టీబీ తీసుకోవాలి.

దీంతోపాటు ఆ డిస్కుతో ఏం పని చేయబోతున్నారో కూడా తేల్చుకోండి. ఒకసారి నింపి బీరువాలో పెట్టేదా, వారం వారం బ్యాకప్ తీసుకునేదా, నేరుగా దాని మీదనే వీడియో ఎడిటింగ్ చేసేదా, లేక టీవీకి తగిలించి సినిమాలు చూసేదా? మిగతా నిర్ణయాలన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి.

రెండో అడుగు: తిరిగే డిస్కా, ఎస్ఎస్‌డీనా?

సంతలో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. అరచేతిలో పట్టే 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్కుకు కరెంటు యూఎస్‌బీ కేబుల్ నుంచే అందుతుంది. చిన్న పుస్తకమంత ఉండే 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్కుకు 12 వోల్టుల అడాప్టర్ వేరుగా కావాలి. మూడోది ఎస్ఎస్‌డీ, అందులో తిరిగే భాగాలేవీ ఉండవు.

వేగం చూస్తే, 2.5 అంగుళాల డిస్కు పెద్ద ఫైళ్లను సెకనుకు సుమారు 100 నుంచి 140 ఎంబీ వరకు రాస్తుంది. 3.5 అంగుళాలది 200 ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. సాటా అనే పాత పద్ధతిలో పనిచేసే ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది, ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి ఎస్ఎస్‌డీ వెయ్యి, రెండు వేల ఎంబీల దాకా వెళ్తుంది. అయితే ఒక్కో జీబీకి పెట్టే ఖర్చు ఎస్ఎస్‌డీలోనే ఎక్కువ.

వేగం కంటే ముందు నేను చూసేది దెబ్బను తట్టుకునే గుణం. తిరిగే డిస్కులో పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటాయి, వాటిని చదివే హెడ్ వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎడంలో, పళ్లేనికి తగలకుండా తేలుతూ ఉంటుంది. డిస్కు నడుస్తుండగా బల్ల అంచు నుంచి జారి గచ్చు మీద పడితే ఆ హెడ్ పళ్లేన్ని గీరేస్తుంది. బస్సుల్లో, రైళ్లలో తిరుగుతూ పనిచేసేవారికి, పిల్లలు పరుగులు తీసే ఇంట్లో వాడేవారికి ఎస్ఎస్‌డీ ఖర్చు సమంజసమే.

వేడి గురించి మన ప్రాంతాల వారు ప్రత్యేకంగా ఆలోచించాలి. చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కుల వివరపత్రాల్లో అవి పనిచేయడానికి అనువైన పరిసర ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో, విజయవాడలోనో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆ హద్దు సులభంగా దాటిపోతుంది. ఎండాకాలంలో గంటల తరబడి సాగే కాపీ పనిని రాత్రి చల్లబడ్డాక పెట్టుకోండి. డిస్కును పరుపు మీదో, దుప్పటి మీదో కాకుండా గాలి ఆడేలా బల్ల మీద ఉంచండి.

తిరిగే డిస్కుల్లో మరో తేడాను పెట్టె మీద పెద్దగా చెప్పరు. పెంకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా కప్పినట్టు డేటా వరసలను ఒకదాని అంచు మీద మరొకటి పడేలా రాసే పద్ధతిని ఎస్ఎంఆర్ అంటారు. వరసలు వేరువేరుగా ఉండే పద్ధతి సీఎంఆర్. పెద్ద కెపాసిటీ ఉన్న 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్కుల్లో ఎక్కువ శాతం ఎస్ఎంఆర్ రకమే. ఒకసారి నింపి దాచుకోవడానికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ చెరిపి మళ్లీ మళ్లీ రాసేటప్పుడు, వందల జీబీలు ఆపకుండా కాపీ చేసేటప్పుడు వేగం ఒక్కసారిగా సెకనుకు పది, ఇరవై ఎంబీలకు పడిపోవచ్చు. అది చూసి డిస్కు పాడైందని కంగారుపడేవారు ఉన్నారు. రోజూ రాసే పని మీదైతే కొనేముందు ఆ మోడల్ ఏ రకమో తయారీదారు వివరపత్రంలో వెతకండి.

ఇవన్నీ చూసి అందరూ ఎస్ఎస్‌డీయే కొనాలని నేను చెప్పను. ఎస్ఎస్‌డీలో డేటా విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. బాగా వాడి అరిగిన ఎస్ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి, అందులోనూ వేడి చోట, పక్కన పెట్టేస్తే ఆ ఆవేశం మెల్లగా తగ్గి డేటా చెడిపోయే అవకాశం ఉంది. నింపి బీరువాలో దాచడానికి తిరిగే డిస్కు, చేతపట్టుకుని తిరగడానికీ ఎడిటింగుకూ ఎస్ఎస్‌డీ అన్నది నేను పాటించే పద్ధతి.

మూడో అడుగు: కనెక్షన్

ఎక్కువమంది పొరబడేది ఈ అడుగులోనే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. డిస్కు కొనడానికి వెళ్లేముందు మీ కంప్యూటర్ పక్కలు చూడండి. దీర్ఘచతురస్రంగా ఉండేది టైప్-ఏ పోర్టు, చిన్నగా గుండ్రటి అంచులతో ఏ వైపు తిప్పినా దూరేది టైప్-సీ పోర్టు. ఇవి రెండూ ఆకారాల పేర్లే, వేగాల పేర్లు కావు. టైప్-సీ పోర్టు అనగానే వేగంగా ఉంటుందనుకోవడం పొరపాటు. సెకనుకు 480 మెగాబిట్ల పాత వేగంతో నడిచే టైప్-సీ పోర్టులూ ఉన్నాయి, 40 గిగాబిట్లవీ ఉన్నాయి, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

వేగాల కథ 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0తో మొదలుపెడదాం. అది 480 మెగాబిట్లది, ఆచరణలో సెకనుకు 35 నుంచి 40 ఎంబీ ఇస్తుంది. 2008లో 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0 వచ్చింది, ఆచరణలో 400 ఎంబీ పైన ఇస్తుంది. 2013లో యూఎస్‌బీ 3.1తో 10 గిగాబిట్లు, 2017లో యూఎస్‌బీ 3.2తో 20 గిగాబిట్లు సాధ్యమయ్యాయి. 2019లో వచ్చిన యూఎస్‌బీ4 దాన్ని 40 గిగాబిట్లకు తీసుకెళ్లింది.

ఇంతవరకు సులభంగానే ఉంది. చిక్కంతా పేర్లు మార్చడం వల్ల వచ్చింది. మొదట యూఎస్‌బీ 3.0 అని పిలిచిన 5 గిగాబిట్ల వేగాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడు పేర్లూ ఒకే వేగానివి. 10 గిగాబిట్లది 3.2 జెన్ 2, 20 గిగాబిట్లది 3.2 జెన్ 2 బై 2. కనుక దుకాణంలో ఎవరైనా "ఇది 3.2 అండీ, కొత్తది" అని చెబితే అంతటితో ఆగకుండా "ఎన్ని గిగాబిట్లు?" అని అడగండి. ఆ అంకె ఒక్కటే నమ్మదగినది.

ఇప్పుడు ఈ అంకెలను మన 820 జీబీ పెళ్లి డేటాకు పెట్టి చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టులో ఆ కాపీకి ఆరున్నర గంటలు పడుతుంది. 5 గిగాబిట్ల పోర్టులో సగటున 110 ఎంబీ రాసే తిరిగే డిస్కుకు సుమారు రెండు గంటలు. అదే పోర్టులో 450 ఎంబీ రాసే ఎస్ఎస్‌డీకి అరగంట. 10 గిగాబిట్ల పోర్టులో ఆ వేగాన్ని ఆసాంతం నిలబెట్టగల ఎస్ఎస్‌డీకి పావుగంట. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, తిరిగే డిస్కుకు 5 గిగాబిట్ల కనెక్షనే ఎక్కువ. దాన్ని 40 గిగాబిట్ల పోర్టుకు తగిలించినా రెండు గంటలు రెండు గంటలే. అలాగే మీ ల్యాప్‌టాప్‌లో 5 గిగాబిట్ల పోర్టు మాత్రమే ఉంటే 20 గిగాబిట్ల ఎస్ఎస్‌డీకి పెట్టే అదనపు డబ్బు వృథా అవుతుంది.

20 గిగాబిట్ల జెన్ 2 బై 2 విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఈ వేగం రావాలంటే డిస్కుతోపాటు కంప్యూటర్ పోర్టు కూడా సరిగ్గా ఇదే పద్ధతిని పాటించాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో, చాలా మ్యాక్‌లలో ఆ మద్దతు లేదు. అప్పుడు డిస్కు 10 గిగాబిట్లకు దిగి పనిచేస్తుంది. మీ పోర్టు వివరాల్లో ఈ పేరు స్పష్టంగా కనబడితే తప్ప 10 గిగాబిట్ల డిస్కుతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

థండర్‌బోల్ట్ కూడా టైప్-సీ ఆకారంలోనే ఉంటుంది, పక్కన చిన్న మెరుపు గుర్తు ఉంటుంది. థండర్‌బోల్ట్ 3, 4 రెండూ 40 గిగాబిట్లవి. థండర్‌బోల్ట్ 5 దాన్ని 80కి పెంచింది. నేరుగా ఎక్స్‌టర్నల్ డిస్కు మీద 4కే, 8కే వీడియో ఎడిట్ చేసే వృత్తి నిపుణులకు ఇది ఉపయోగం. ఇంటి బ్యాకప్‌కు అవసరం లేదు. కొన్నిచోట్ల థండర్‌బోల్ట్ మాత్రమే తెలిసిన డిస్కులు దొరుకుతాయి, మామూలు యూఎస్‌బీ పోర్టులో అవి అసలు పనిచేయవు. రెండిటిలోనూ పనిచేస్తుందో లేదో అడిగి తీసుకోండి.

ఇక కేబుల్. మా మేనల్లుడు కొత్త ఎస్ఎస్‌డీ కొని, ల్యాప్‌టాప్ నుంచి 300 జీబీ వీడియోలు కాపీకి పెట్టాడు. తెర మీద ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు అని చూపిస్తోంది. "మామయ్యా, ఇంత డబ్బు పెట్టి ఎస్ఎస్‌డీ కొన్నా ఇలా నత్తనడకేంటి?" అని నా దగ్గరకు తెచ్చాడు. గ్రాఫులో వేగం 35 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలిచిపోయింది. నేను వెంటనే చూసింది వైరునే. సన్నగా, తెల్లగా, మీటరుకు పైగా పొడవుంది. "ఈ వైరు ఎక్కడిదిరా?" అంటే, "ఫోన్ చార్జర్‌ది మామయ్యా, డిస్కుతో వచ్చిన వైరు మరీ పొట్టిగా ఉందని పెట్టెలోనే ఉంచేశాను" అన్నాడు. కాపీ ఆపించి ఆ పొట్టి వైరు తగిలిస్తే వేగం 430 ఎంబీకి చేరింది, మొత్తం పని పన్నెండు నిమిషాల్లో ముగిసింది.

ఫోన్లతో వచ్చే టైప్-సీ చార్జింగ్ కేబుళ్లలో చాలావరకు యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. చార్జింగ్ ఎంత వేగంగా జరిగినా డేటా మాత్రం 480 మెగాబిట్లే. డిస్కుతో వచ్చే కేబుల్ పొట్టిగా ఉండటానికి కారణం ఉంది. వేగం పెరిగేకొద్దీ సంకేతం తక్కువ దూరంలోనే బలహీనపడుతుంది, 10 గిగాబిట్లకు మామూలు కేబుల్ మీటరు లోపే ఉండాలి. ఆ కేబుల్ మీద డిస్కు పేరు రాసిన చిన్న కాగితం అంటించి, ఇంకో పనికి వాడకుండా చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ వైర్లు కలపకండి.

చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కులకు డిస్కు వైపు మైక్రో-బీ అనే వెడల్పాటి చదునైన పిన్ను ఉంటుంది, మధ్యలో నొక్కు పడి రెండు ముక్కలు అతికినట్టు కనిపిస్తుంది. అందులో ఒక ముక్క పాత యూఎస్‌బీ 2.0ది, రెండోది 5 గిగాబిట్లది. పిన్ను పూర్తిగా దిగకుండా వదులుగా ఉంటే డిస్కు తెరుచుకుంటుంది కానీ పాత వేగంతోనే నడుస్తుంది. బల్ల మీద వేలాడే బరువుకు ఈ పోర్టే ముందు వదులవుతుంది. రెండు మోడళ్లు మిగతా అన్నిటా సమానంగా ఉంటే టైప్-సీ పోర్టు ఉన్న డిస్కునే ఎంచుకోండి.

మీ డిస్కు ఏ వేగంతో కలిసిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని యూఎస్‌బీ భాగంలో డిస్కు పేరు పక్కనే వేగం కనిపిస్తుంది. విండోస్‌లో కొన్ని జీబీల ఒకే పెద్ద వీడియో ఫైలును కాపీ చేసి గ్రాఫు చూడండి. 35, 40 ఎంబీ దగ్గర కదలకుండా నిలిచిందంటే పోర్టో, కేబులో యూఎస్‌బీ 2.0ది అన్నమాట. వేల సంఖ్యలో చిన్న ఫొటోలను కాపీ చేస్తూ వేగం అంచనా వేయకండి, చిన్న ఫైళ్లు ఏ డిస్కులోనైనా నెమ్మదే.

కరెంటు సంగతి కూడా కనెక్షన్‌లో భాగమే. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ యాంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ యాంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. తిరిగే డిస్కుకు మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు కావాలి. కేబినెట్ ముందు వైపు పాత పోర్టుకో, అడాప్టర్ లేని చవక హబ్‌కో తగిలిస్తే ఆ కరెంటు అందక, డిస్కు "టక్ టక్" మని చప్పుడు చేస్తూ కనిపించి మాయమవుతుంటుంది. ఆ చప్పుడు విన్న వెంటనే డిస్కు పోయిందని నిర్ధారించుకోకుండా, తీసేసి కేబినెట్ వెనక మదర్‌బోర్డు పోర్టుకు పొట్టి కేబుల్‌తో నేరుగా తగిలించి చూడండి. అక్కడా అదే చప్పుడు వస్తే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ నిపుణుల దగ్గరకు తీసుకెళ్లండి. ప్రతి ప్రయత్నమూ నష్టాన్ని పెంచుతుంది. ఫోన్‌కు తగిలించినప్పుడు కూడా ఇదే సమస్య వస్తుంది, చాలా ఫోన్లు ఎస్ఎస్‌డీని నడపగలవు గానీ తిరిగే డిస్కును నడపడానికి తడబడతాయి.

3.5 అంగుళాల డిస్కు కొన్నవారు దాని 12 వోల్టుల అడాప్టర్ మీద పెద్ద అక్షరాలతో గుర్తు రాసి పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ అడాప్టర్లు తరచు 19 వోల్టులవి, కొన్నిటి పిన్ను ఇందులోనూ దూరుతుంది. తప్పు అడాప్టర్ పెడితే డిస్కు సర్క్యూట్ క్షణంలో కాలిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేటట్లయితే అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. లేదంటే 2.5 అంగుళాల డిస్కునే పంపండి, దానికి ఏ దేశపు ప్లగ్గుతోనూ పని లేదు.

చిన్న విషయమే అయినా చెప్పాలి: యూఎస్‌బీ 3.0 డిస్కు నడుస్తుండగా పక్కనే ఉన్న వైర్‌లెస్ మౌస్ తడబడితే మౌస్ పాడైనట్టు కాదు. 5 గిగాబిట్ల సంకేతం నుంచి వెలువడే రేడియో అలజడి, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు అడ్డు తగులుతుంది. మౌస్ రిసీవర్‌ను రెండో వైపు పోర్టుకు మార్చండి.

నాలుగో అడుగు: ఫార్మాట్

ఫార్మాట్ అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి. డిస్కును ఎక్కడెక్కడ తెరవాలో దాన్ని బట్టి ఫార్మాట్ ఉంటుంది. ఫ్యాట్32 అన్నిచోట్లా తెరుచుకుంటుంది కానీ ఒక్కో ఫైలు 4 జీబీ మించకూడదు, పెళ్లి వీడియో ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ విండోస్‌కు సహజమైనది. మ్యాక్ దాన్ని చదువుతుంది, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్ రెండిటిలోనూ చదవడానికీ రాయడానికీ పనికొస్తుంది, అయితే అందులో జర్నల్ అనే రక్షణ ఏర్పాటు లేదు. రాస్తుండగా వైరు లాగినా, కరెంటు పోయినా ఫోల్డర్లు చెడిపోయే ముప్పు ఎన్‌టీఎఫ్ఎస్ కంటే ఇందులో ఎక్కువ. ఇంట్లో అన్నీ విండోస్ కంప్యూటర్లే అయితే ఎన్‌టీఎఫ్ఎస్ ఉంచండి. మ్యాక్ కూడా ఉంటే ఎక్స్‌ఫ్యాట్ చేసి, తీసేముందు ప్రతిసారీ ఎజెక్ట్ నొక్కండి. పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు, కాబట్టి టీవీకి వాడాలనుకుంటే దాని మాన్యువల్ చూశాకే నిర్ణయించండి. ఫార్మాట్ మారిస్తే ఉన్న డేటా పోతుంది గనుక డిస్కు ఖాళీగా ఉన్న మొదటి రోజే ఈ పని పూర్తిచేయాలి, స్టూడియోకు ఇచ్చేది ఆ తర్వాతే.

ఐదో అడుగు: కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ ఊరి కంప్యూటర్ షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. పెట్టె మీది సీరియల్ నంబరు డిస్కు మీది నంబరుతో సరిపోయిందో చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ కాలం సరిచూసుకోండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన డిస్కుకు ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. వారంటీ ఉన్నా అది డిస్కుకే, లోపలి డేటాకు కాదు. చెడిపోతే వేరే డిస్కు ఇస్తారు, మీ ఫొటోలు తిరిగి రావు.

16 టీబీ, 30 టీబీ ఎస్ఎస్‌డీ అంటూ వెయ్యి, రెండు వేల రూపాయలకు ఆన్‌లైన్‌లో కనిపించేవి నకిలీలు. అటువంటి కేసింగ్ విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది, దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చి పెద్ద కెపాసిటీ చూపించేలా చేస్తారు. మొదటి కొన్ని జీబీలు సవ్యంగానే చేరతాయి. ఆ తర్వాత రాసింది పాత డేటా మీద పడుతుంది లేదా ఎటూ చేరకుండా పోతుంది, ఫైళ్ల పేర్లు మాత్రం అలాగే కనిపిస్తూ ఉంటాయి. ఇందువల్లే ఆ మోసం నెలల తర్వాత గానీ బయటపడదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఇందులో పోయేది వెయ్యి రూపాయలు కాదు, ఒక ఇంటి జ్ఞాపకాలు.

ఆరో అడుగు: డేటా వేసేముందు పరీక్ష

కొత్త డిస్కును నేరుగా నింపకండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకున్న వివరాలు కనిపిస్తాయి. తిరిగే డిస్కులో ముఖ్యంగా చూడవలసినవి రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడవడంతో డిస్కు పక్కనపెట్టిన భాగాలు), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (పాడయ్యాయేమోనని అనుమానం ఉన్న భాగాలు). కొత్త డిస్కులో రెండూ సున్నా ఉండాలి. ఎన్ని గంటలు నడిచిందన్న అంకె కూడా అక్కడే ఉంటుంది, కొత్తదని అమ్మిన డిస్కు వేల గంటలు చూపిస్తే అదే రోజు వెనక్కి ఇచ్చేయండి.

తర్వాత హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్కు మొత్తం నింపి, తిరిగి చదివించండి. నకిలీ కెపాసిటీ ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. 2 టీబీ తిరిగే డిస్కుకు సెకనుకు 100 ఎంబీ చొప్పున రాయడానికి ఐదున్నర గంటలు, చదవడానికి మరో ఐదున్నర గంటలు పడుతుంది. ఎక్కువ సమయమే, అయినా రాత్రి పెట్టి పడుకుంటే ఉదయానికి దాదాపు తేలిపోతుంది. మధ్యలో కరెంటు పోకుండా ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టండి, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్టింగు మార్చండి.

ఏడో అడుగు: రెండో ప్రతి, తాళం, భద్రత

స్టూడియో నుంచి డిస్కు రాగానే ఇంటికి తెచ్చి కొన్ని ఫైళ్లు మొదలు, మధ్య, చివర తెరిచి చూడండి. స్టూడియో వారు తమ దగ్గరున్న డేటాను కొన్నాళ్ల తర్వాత తీసేస్తారు, ఎప్పుడు తీసేస్తారో అడిగి తెలుసుకోండి. ఆ గడువులోగా రెండో డిస్కుకు పూర్తి ప్రతి తీయండి. ఒక్క చోటే ఉన్న డేటాను బ్యాకప్ అనరు. మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా అన్న 3-2-1 పద్ధతి ప్రసిద్ధమైనది. అంత వీలు కాకపోతే కనీసం పెళ్లికొడుకు ఇంట్లో ఒకటి, పెళ్లికూతురి పుట్టింట్లో ఒకటి ఉంచండి. ముఖ్యమైన ఫొటోలను మాత్రం క్లౌడ్‌లో కూడా పెట్టుకోండి. రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే మోడల్ కొనకుండా ఉంటే ఒకే లోపం రెండిటినీ తాకే అవకాశం తగ్గుతుంది.

పాస్‌వర్డ్ పెట్టాలనుకుంటే విండోస్ ప్రో ఎడిషన్‌లోని బిట్‌లాకర్, మ్యాక్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చిన) ఏపీఎఫ్ఎస్ అనే ఫార్మాట్, రెండిటికీ కావాలంటే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ పనికొస్తాయి. అయితే పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ డేటా ఎవరి చేతా తెరిపించలేరు. ఆధార్, భూమి పత్రాలు ఉన్న డిస్కుకు తాళం వేయండి. పదిమంది బంధువులు చూసే పెళ్లి డిస్కుకు అవసరం లేదనే నేనంటాను. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా కేసింగ్‌లోని చిప్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది. మరికొన్నిటిలో యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్కు బోర్డు మీదే అతికించి ఉంటుంది. ఇటువంటి వాటిలో బోర్డు చెడితే డిస్కు తీసి ఇంకో కేసింగ్‌లో వేసి చదవడం కుదరదు, రికవరీ ఖర్చు కూడా పెరుగుతుంది. రెండో ప్రతి ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో గాలిలోని తేమ, ఉప్పు పోర్టులను తుప్పు పట్టిస్తాయి. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతోపాటు డిస్కునూ దాని కేబుల్‌నూ ఉంచండి. డబ్బా మీద ఏ ఫంక్షన్ డేటా, ఏ తేదీన కాపీ చేశారు, రెండో ప్రతి ఎవరి ఇంట్లో ఉంది అన్నవి రాయండి. ఆరు నెలలకు ఒకసారి తగిలించి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఆ రెండు అంకెలు సున్నా దగ్గరే ఉన్నాయో లేదో చూసి, నాలుగు ఫైళ్లు తెరిచి, ఆ తేదీ కూడా డబ్బా మీద రాయండి. ఆ అంకెల్లో ఏది కదిలినా అదే వారంలో కొత్త డిస్కు తెచ్చి, రెండో ప్రతి నుంచి దాన్ని నింపండి.